ఇంటర్ ఎంఈసీ తర్వాత స్టాటిస్టిక్స్ చదవాలంటే ఏ డిగ్రీ తీసుకోవాలి?

ప్రశ్న:
మా చెల్లి ఈ ఏడాది ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) పాసయ్యింది. స్టాటిస్టిక్స్ చదివి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్షలు రాయాలని దాని కోరిక. బీకాం బిజినెస్ అనలిటిక్స్, ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ డేటా సైన్స్, గవర్నమెంటు కాలేజీలో ఎకనామిక్స్-మ్యాథ్స్-స్టాటిస్టిక్స్‌తో బీఏ, ఈ మూడింట్లో ఒకటి తేల్చుకోవాలి. తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టడానికి రెండు రోజులే ఉంది. బీఏ అంటే నాన్న అస్సలు ఒప్పుకోవట్లేదు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

జవాబు:
నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతానమ్మా. మీ చెల్లి లక్ష్యం అదే అయితే నా ఓటు బీఏకే. కోర్సు పేరు పక్కన పెట్టి, మార్కుల మెమోలో స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లు కనిపిస్తుందో చూడండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) డిగ్రీ స్థాయిలో పెట్టే సీజీఎల్ పరీక్షలో స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్-2 పోస్టుకి మూడేళ్లూ, అంటే ఆరు సెమిస్టర్లూ స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. బీకాంలో ఉండే ఒకటి రెండు బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపర్లు దీనికి చాలవు. అదే పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్‌కి కొంత వెసులుబాటు ఉంది: ఇంటర్ లెక్కల్లో 60 శాతం ఉంటే ఏ డిగ్రీ అయినా సరే. యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్‌ఎస్) పరీక్షకి డిగ్రీలోనో పీజీలోనో స్టాటిస్టిక్స్ ఉండాలి. అందులో స్టాటిస్టిక్స్ పేపర్లే నాలుగు, వాటిలో రెండు వ్యాసరూప సమాధానాలవి. ప్రాబబిలిటీ, ఎస్టిమేషన్, శాంప్లింగ్ పునాది నుంచి రాకపోతే అక్కడ నిలబడలేరు.

డేటా సైన్స్ చెడ్డదని అనను. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లే పిల్లలకు అది బాగుంటుంది. చేరే ముందు ఆరు సెమిస్టర్ల సిలబస్ కాగితం అడిగి తీసుకోండి. అందులో పైథాన్, డేటాబేస్‌లే ఎక్కువగా ఉండి ప్రాబబిలిటీ ఒక్క సెమిస్టర్‌తో సరిపెడితే, మీ చెల్లికి అది పనికిరాదు.

మరొకరి జవాబు:
నేను ఆ పొరపాటే చేశాను అక్కా. బ్రోచర్‌లో "అనలిటిక్స్" అని చూసి బీకాంలో చేరాను. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి వెళ్దామనుకునే సరికి నాకు అర్హతే లేదని తెలిసింది. ఆ రోజు చాలా ఏడ్చాను. చేరకముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అండీ. నాన్నకి ఏం చెప్పాలి? "లెక్కలు వచ్చిన పిల్లని బీఏలో వేస్తారా" అంటున్నారు.

జవాబు:
మెమో నమూనా ముందు పెట్టి చూపించండి. ఈ బీఏలో లెక్కలు పోవు, క్యాలిక్యులస్, ఆల్జీబ్రా చదవాల్సిందే. తర్వాత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి వెళ్లాలనుకుంటే, ఆ యూనివర్సిటీ బీఏ వాళ్లని తీసుకుంటుందో లేదో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోండి.

ఇంకో మాట. కోల్‌కతాలో మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, అక్కడి బీస్టాట్ (స్టాటిస్టిక్స్ డిగ్రీ) కోర్సుకి ఇంటర్లో లెక్కలు, ఇంగ్లీషు ఉంటే చాలు, ఎంపీసీయే కానక్కర్లేదు. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన ప్రఖ్యాత స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు దశాబ్దాలు పనిచేసిన చోటు అది. పోటీ చాలా గట్టిగా ఉంటుంది. ఈ ఏడాదికి గడువు దాటిపోయినా, వచ్చే ఏడాది రాస్తానంటే ఆపకండి.

దోస్త్‌లో మాత్రం బీఏని మొదటి ఆప్షన్‌గా పెట్టండి. రేపు పొద్దున ఒకసారి ఆ కాలేజీకి వెళ్లి స్టాటిస్టిక్స్‌కి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, ప్రాక్టికల్స్ జరుగుతున్నాయా అని సెకండియర్ పిల్లల్నే అడగండి.