ఓఆర్1ఎ1 పరీక్ష: కార్వోన్ ఆవిరి పక్క వెల్‌లోకి పోకుండా ఏం చేస్తున్నారు?

బెంగళూరులో వాసన రిసెప్టర్ల మీద పనిచేసే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

హానా3ఎ అనే, ల్యాబ్‌లో పెంచే మనిషి కణాల్లో ఓఆర్1ఎ1 అనే వాసన రిసెప్టర్‌ని పెట్టి, కార్వోన్ అణువు అద్దపు రూపాలు రెండింటిని, అంటే పుదీనా వాసనకు మూలమైన ఆర్-కార్వోన్‌నూ, ఇక్కడ సబ్బసిగె అనే కూర (డిల్) గింజల్లో ఉండే ఎస్-కార్వోన్‌నూ పోలుస్తున్నాం. రిసెప్టర్‌కి ముందు రొడాప్సిన్ తొలి 20 అమైనో ఆమ్లాల ట్యాగ్ ఉంది, ఆర్‌టీపీ1ఎస్ అనే సహాయక ప్రోటీన్ కూడా ఇస్తున్నాం. అవి లేకపోతే రిసెప్టర్ కణం లోపలే చిక్కుకుపోయి పొర మీదికి సరిగా రాదు. రిసెప్టర్ స్పందించి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే, లూసిఫరేజ్ అనే ఎంజైమ్ తయారై వెలుగు ఇస్తుంది. ఆ వెలుగుని రెనిల్లాతో (కణాలు ఎన్ని, ఎలా ఉన్నాయో చూపే రెండో లూసిఫరేజ్ వెలుగు) భాగిస్తాం.

చిక్కు ఇదీ. 96 వెల్స్ (చిన్న గుంతలు) ఉన్న ప్లేటులో కార్వోన్ 1 నుంచి 300 మైక్రోమోలార్ దాకా వేసి, 37 డిగ్రీల్లో 4 గంటలు ఉంచుతున్నాం. 300 వేసిన వరస పక్కన, కార్వోన్ వేయని ఓఆర్1ఎ1 వెల్స్ కూడా వెలుగుతున్నాయి. దూరపువి మామూలుగానే ఉన్నాయి. అదే వరస పక్కనున్న ఖాళీ వెక్టర్ వెల్స్‌లో (రిసెప్టర్ పెట్టనివి) మార్పు లేదు, కాబట్టి ఇది పక్క వెల్ కాంతి చిందడం కాదు, ఆవిరే. పైగా 300 దగ్గర రెనిల్లా పడిపోయి నిష్పత్తి దొంగగా పెరుగుతోంది, కణాలు దెబ్బతింటున్నట్టే. రిసెప్టర్‌తో పని లేకుండా సైక్లిక్ ఏఎంపీని పెంచే ఫోర్స్కోలిన్ కంట్రోల్ బాగానే ఉంది.

మినరల్ ఆయిల్ పొర వద్దనుకున్నాం, కార్వోన్‌ని అదే పీల్చేసుకుంటుంది. అంటుకునే ఫిల్మ్ వేస్తే 4 గంటలు కణాలు తట్టుకుంటాయా? హెపీస్ (పీహెచ్ నిలకడగా ఉంచే బఫర్) ఉన్న మీడియం వాడాలా? ఒక్కో గాఢతకు ఒక్కో ప్లేటు పెట్టడమే మేలా? ఆవిరి పాకేలోపే సైక్లిక్ ఏఎంపీని నేరుగా నిమిషాల్లో చదివే గ్లోసెన్సర్ పరీక్షకి మారినవాళ్లుంటే, ఓఆర్1ఎ1 లాంటి బలహీన సిగ్నల్ అందులో సరిగా కనబడిందా?