తప్పెటగుళ్ళ రికార్డింగుకి గ్రాంటు ఎక్కడ అడగాలి? మన వాటా ఎంత పడుతుంది?

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస, బూర్జ వైపు తప్పెటగుళ్ళ (గుండెకి తప్పెట కట్టుకుని ఆడిపాడే జానపద కళ) బృందాల పాటలు రికార్డు చేయాలి. రెండ్రోజుల ప్రదర్శన, ఒక పాటల పుస్తకం కూడా ఉన్నాయి. అంచనా 6 లక్షలు. సొసైటీకి ఐదేళ్ళు నిండాయి. ఆదాయపన్ను వాళ్ళ 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయి, విదేశీ డబ్బు తీసుకోడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు. కేంద్ర సాంస్కృతిక శాఖకి పెడితే మొత్తం ఇస్తారా?

గంటస్తంభం:
మొత్తం ఇవ్వరండీ. మీ పనికి సరిపోయేది కళా సంస్కృతి వికాస్ యోజనలో కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంటు. ఖర్చులో 75 శాతం ఇస్తారు, మామూలుగా 5 లక్షలు మించదు. 20 లక్షల దాకా అన్నది ప్రత్యేక సందర్భాలకే, దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. సొసైటీకి మూడేళ్ళు నిండి ఉండాలి, స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదు చేసే కేంద్రం పోర్టల్ దర్పణ్‌లో ఐడీ ఉండాలి.

లెక్క చూడండి. 6 లక్షల ఖర్చుకి 4.5 లక్షలు గ్రాంటు, 1.5 లక్షలు మీ వాటా. ఆ 4.5 కూడా ఒక్కసారి రాదు. మొదటి వాయిదా 75 శాతం, అంటే 3,37,500. మిగిలిన 1,12,500 పని పూర్తయి, లెక్కలు పంపాక వస్తుంది. కాబట్టి పుస్తకం అచ్చయ్యేసరికి మీ చేతి నుంచి 2,62,500 పెట్టి ఉండాలి. అందరూ లక్షన్నర సర్దుకుని ధైర్యంగా దిగుతారు. ప్రెస్సులో బాకీ పడేది ఈ రెండో వాయిదా దగ్గరే.

పాలకొండ బస్సు:
డబ్బు మాట తర్వాత, కాగితాలు ముందు చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కదా. శ్రీకాకుళం నుంచి రాజాం విజయనగరంలోకి వెళ్ళింది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, దర్పణ్‌లో ఇంకో జిల్లా ఉంటే పరిశీలన దగ్గరే ఫైలు ఆగిపోతుంది. సొసైటీ పేరు ఇంగ్లిషు అక్షరాల్లో పాన్ మీద ఎలా ఉందో బ్యాంకు పాసుబుక్కు మీదా అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే దిద్దించండి.

2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి ఇవ్వాలి. ఇది మానేసిన సంఘాలే ఎక్కువ. పాత కార్యదర్శి దిగిపోయినా దర్పణ్ పోర్టల్‌లో ఆయన ఫోన్ నంబరే ఉంటుంది, ఓటీపీ ఆయనకే పోతుంది. ఆయన ఏ హైదరాబాదులోనో కూతురింట్లో ఉంటే, గడువు చివరి రోజు ఇక చూసుకోండి!

నాగావళి ఒడ్డు:
మరి 2.62 లక్షలు మాలాంటోళ్ళకి ఎక్కడి నుంచి వస్తాయి మాస్టారూ? కంపెనీలు సమాజానికి ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు అడగొచ్చా?

గంటస్తంభం:
అడగొచ్చు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ఐదో అంశంలో వారసత్వం, కళలు, సంస్కృతి, గ్రంథాలయాలు ఉన్నాయి. ఉత్తరంలో ఆ అంశం సంఖ్య రాయండి, వాళ్ళ పని తేలికవుతుంది. మీరు సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. దానికి 12ఏ, 80జీ రెండూ కావాలి, మూడేళ్ళు పని చేసిన దాఖలా ఉండాలి.

పైడిభీమవరం ఫ్యాక్టరీ గేటు దగ్గర అర్జీ ఇచ్చేస్తే సరిపోదు. ఏడాది ప్రణాళికని కంపెనీ బోర్డు ఆమోదించాలి, కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లో కదలాలి. మార్చి దాటాక వెళ్తే మీ పేరు ఆ ఏడాది జాబితాలో ఉండదు. పుస్తకం అచ్చు లాంటి విడి ముక్క అడగండి, మొత్తం ప్రాజెక్టు అడగొద్దు.

దీపస్తంభం:
విదేశీ గ్రాంట్ల సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కనక చెప్తున్నా. తాటాకులు, పాత దస్తావేజులు డిజిటైజ్ చేయడానికి బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రాం మంచిదే, కానీ ఎఫ్‌సీఆర్‌ఏ లేని సొసైటీ ఆ డబ్బు తీసుకోకూడదు. సభ్యుడి సొంత ఖాతాలో వేయించుకుని సొసైటీకి మళ్ళించే ఆలోచన అసలే వద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కి మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు చేసినట్టు చూపించాలి, ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరవాలి.

దేశంలోవాళ్ళే కావాలంటే బెంగళూరు ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ చూడండి. ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపొచ్చు.

చిట్టా ఆవర్జా:
అసలు గొడవంతా ఖర్చు దగ్గర వస్తుంది. గ్రాంటుకి విడిగా ఒక ఖాతా పెట్టండి, వేరే డబ్బు అందులో కలపకండి. వడ్డీ వస్తే అది మీది కాదు, లెక్క తేలాక కేంద్రానికి డబ్బు కట్టే వెబ్‌సైటు భారత్‌కోష్ ద్వారా వెనక్కి కట్టాలి. గ్రాంటు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం జీఎఫ్ఆర్ (కేంద్రం ఆర్థిక నియమాలు) 12-ఏ నమూనాలో, ఆడిటరు సంతకంతో ఇవ్వాలి.

కళాకారుల పారితోషికం: బృందంలో ఇరవై మంది ఉంటే మొత్తం బృంద నాయకుడి చేతిలో పెట్టి ఒక్క సంతకం తీసుకోవద్దు. ఆడిట్‌లో మొట్టమొదట పట్టుకునేది అదే. ఒక్కొక్కరి ఖాతాలోకి వేయండి. ఓచరు మీద పేరు, ఊరు, ఆడిన తేదీ, మొత్తం రాయండి. వేలిముద్ర వేసేవారుంటే పక్కన సాక్షి సంతకం. నగదు తప్పకపోతే ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటకూడదు. 5,000 దాటిన నగదు రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు. ఊళ్ళో భోజనాలు పెట్టినవాళ్ళకి బిల్లు పుస్తకం ఉండదు. వాళ్ళ దగ్గర ఓచరు అదే రోజు రాయించండి.

దీపస్తంభం:
రికార్డింగు గురించి ఒక్క మాట. తప్పెట గుండెల మీదే వేలాడుతుంది, చొక్కాకి తగిలించే చిన్న మైకు పెడితే పాట పోయి దెబ్బలే మిగుల్తాయి. స్టాండు మైకు తల ఎత్తుకి పెట్టి, రికార్డరు మీటరు మీద శబ్దం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు స్టీరియోలో గంటకి ఒక జీబీ దాకా వస్తుంది. రెండు హార్డ్ డిస్కుల ఖర్చు బడ్జెట్లో వేసుకోండి. రికార్డరు కొనొద్దు, అద్దె రాయండి, కొన్న వస్తువంటే ప్రశ్నలెక్కువ.

కాపీరైట్ చట్టం ప్రకారం తన ప్రదర్శన మీద కళాకారుడికి 50 ఏళ్ళ హక్కుంది. అనుమతి పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆ వినిపించడం కూడా రికార్డు చేయండి.

నాగావళి ఒడ్డు:
అయితే పుస్తకం కంపెనీకి, ప్రదర్శన, రికార్డింగు కేంద్రానికి. ఇలా విడగొడితే ఇబ్బందేటీ ఉండదు కదా?

చిట్టా ఆవర్జా:
ఉండదు. ఇంకో చోట కూడా అడిగామని రెండు ప్రతిపాదనల్లోనూ దాచకుండా రాయండి. కేంద్రానికిచ్చే అంచనాలోంచి పుస్తకం తీసేయండి, 75 శాతం లెక్క దానికి తగ్గట్టు మారుతుంది. ఒకే బిల్లు రెండు లెక్కల్లో పడకుండా, బిల్లు వచ్చిన రోజే దాని మీద ఏ గ్రాంటుదో రబ్బరు స్టాంపు కొట్టేయండి.