అంటార్కిటికాలో బెలూన్ టెలిస్కోపు: కంపాటిబిలిటీ టెస్ట్ అయ్యాక ఎగరేసేదాకా ఏం ముట్టుకోవచ్చు?

మంచుబండ:
మెక్‌మర్డో దగ్గర రాస్ ఐస్ షెల్ఫ్ మీదున్న లాంగ్ డ్యూరేషన్ బెలూన్ శిబిరం. సబ్‌మిల్లీమీటర్ (మిల్లీమీటరు కన్నా చిన్న రేడియో తరంగాల్ని చూసే) టెలిస్కోపు, ద్రవ హీలియం క్రయోస్టాట్ (డిటెక్టర్లని చల్లగా ఉంచే ఫ్లాస్కు), అంతా కలిపి సుమారు 2,000 కిలోలు. ఈ వారంలో కంపాటిబిలిటీ టెస్ట్, అంటే ఎగరేసేముందు అన్నీ కలిపి నడిపి చూసే పరీక్ష. ఆ తర్వాత ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అన్నదాని మీద టీమ్‌లో తలో మాట. తేలాల్సినవి నాలుగు. ఎలక్ట్రానిక్స్ పెట్టెలకి ఇంకో పొర ఫోమ్ చుట్టాలా? హీలియం ఆఖరి టాప్-అప్ ఎప్పుడు? టెస్ట్ తర్వాత వదులు కనెక్టర్ కనబడితే బిగించొచ్చా? టెలిస్కోపు బరువు బ్యాలెన్స్ ఎప్పుడు చూడాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

వేడిలెక్క:
ఫోమ్ వద్దు. అంటార్కిటికా అనగానే అందరికీ చలే గుర్తొస్తుంది కానీ, పైన పెట్టెలు చచ్చేది ఎక్కువగా వేడికి. 38 కి.మీ. ఎత్తులో పీడనం 4 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది, అంటే కింద ఉన్నదాంట్లో అర శాతం కూడా లేదు. ఫ్యాన్ తిరుగుతుంది కానీ తోయడానికి గాలేదీ? వేడి చిప్ నుంచి పెట్టె గోడకి, అక్కణ్ణుంచి తెల్ల రంగేసిన ప్లేటుకి పాకి, ఆకాశంలోకి రేడియేషన్‌గా పోవాలి. ఫోమ్ చుడితే ఆ దారి మూసేసినట్టే. పైగా 24 గంటలూ ఎండ. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చదరపు మీటరుకి 1,400 వాట్ల లెక్కన పడుతుంది, కింద మంచు మీంచి తిరిగొచ్చేది అదనం.

చలి దెబ్బ తగిలేది ఎక్కేటప్పుడు, ఆ మూడు గంటల్లోనే. మైనస్ 50 దగ్గరి గాలి మధ్యలోంచి పోతారు. బ్యాటరీలకి, మోటార్ గ్రీజుకి హీటర్లు అప్పటి కోసం.

ఫోమ్ సంగతి వదిలేసి మైలార్ (ఒక పక్క అల్యూమినియం పూసిన ప్లాస్టిక్ షీటు) ఏ ముఖం బయటికుందో చూడండి. అల్యూమినియం ముఖం బయటికి ఉంటే ఎండని బాగానే తిప్పికొడుతుంది గానీ, పీల్చుకున్న కాస్త వేడిని బయటికి వదలదు, కాలిపోతుంది. ప్లాస్టిక్ ముఖం బయటికి, అల్యూమినియం లోపలికి ఉండాలి. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండు ప్రోబ్‌లూ మెల్లిగా ఆనించండి. రీడింగ్ వస్తే అది అల్యూమినియం ముఖం.

హై వోల్టేజ్ ఏదైనా ఉంటే ఇంకో మాట. ఆ పీడనంలో 2 మిల్లీమీటర్ల సందుంటే 350 వోల్టుల లోపే కరెంటు దూకేస్తుంది. కింద హైబేలో (పరికరాన్ని బిగించే పెద్ద షెడ్డులో) నెలరోజులు పనిచేసినా, పూర్తి వాక్యూమ్‌లో పాసైనా లెక్కలోకి రాదు, మధ్యలోని ఈ పీడనమే ప్రమాదం. వ్యాక్యూమ్ ఛాంబర్‌లో 3 నుంచి 5 మిల్లీబార్ల దగ్గర నిలబెట్టి చూసుండాలి.

క్రయోకాకి:
హీలియం గురించి. ముందు ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కి దించుతారు కదా, ఆ నైట్రోజన్‌ని ఆఖరి చుక్క దాకా ఊదేయాలి. మిగిలింది 63 కెల్విన్ దగ్గర గడ్డకట్టి హీలియం పోయే సన్న గొట్టం, కేపిలరీలో బిరడాలా కూర్చుంటుంది. మళ్లీ వేడి చేస్తే తప్ప కదలదు, దాంతో వారం గోవిందా.

టాప్-అప్‌ని తేదీతో కట్టెయ్యకండి, గాలితో కట్టండి. వాతావరణం చూసేవాళ్లు రేపు ప్రయత్నిద్దాం అన్నాక, గొండోలాని (బెలూన్ కింద వేలాడే, టెలిస్కోపు ఉన్న ఫ్రేముని) బయటికి తీసుకెళ్లే ముందు చేసేదే ఆఖరిది. గాలి పడక వెనక్కొస్తే మళ్లీ నింపాలి. సీజన్‌కి సరిపడా డ్యూవర్లు (ద్రవ హీలియం మోసే ఫ్లాస్కులు) ముందే ఓడల్లో, విమానాల్లో వచ్చి ఉంటాయి, అయిపోతే పక్క ఊరి నుంచి తెప్పించే వీలుండదు. కాబట్టి ఒక్కో వాయిదాకి ఎన్ని లీటర్లో ఇప్పుడే రాసి, అలాంటివి కనీసం నాలుగు తట్టుకునేట్టు పక్కన పెట్టుకోండి.

హీలియం ఆవిరి బయటికి పోయే వెంట్ మీది అబ్సల్యూట్ ప్రెషర్ రెగ్యులేటర్ని (బయట ఎంతున్నా ట్యాంకులో పీడనాన్ని ఒకేలా నిలిపేదాన్ని) మాత్రం ఒకటికి రెండుసార్లు పరీక్షించండి. అది పట్టు వదిలితే, పైకెక్కేకొద్దీ బయటి పీడనం పడిపోయి మెయిన్ ట్యాంకు తనంతట తానే పంపింగ్ అవుతుంది. 4.2 కెల్విన్ నుంచి 1.5కి చేరేలోపే మూడో వంతుకు పైగా ద్రవం ఆవిరి. ఫ్లైట్ మొదటి రోజే ఆయుష్షు తగ్గిపోయినట్టు.

హీలియాన్ని ఇంకా చల్లగా ఉంచే చిన్న సూపర్‌ఫ్లూయిడ్ ట్యాంకుది దీనికి తలకిందులు. కింద పంపు పెట్టి లాగుతారు, బయల్దేరేముందు వాల్వ్ మూస్తారు, పైకెళ్లాక తెరుస్తారు, అక్కడ బయటి వాతావరణమే పంపు. అంటే ఆ వాల్వ్ మోటారు చలిలో నానాక తిరిగి తీరాలి. మైనస్ 50లో పెట్టి ఒక్కసారి కాదు, ఇరవై సార్లు తిప్పి చూడండి.

పివట్ బాబాయ్:
కంపాటిబిలిటీ టెస్ట్ అంటే గొండోలా వేలాడుతూ, సొంత బ్యాటరీ, సోలార్ ప్యానెళ్ల మీద, అన్ని ట్రాన్స్‌మిటర్లూ ఆన్‌లో ఉండగా, బెలూన్ సిబ్బంది ప్యాకేజీతో కలిసి ఫ్లైట్‌లోలాగే నడవడం. ఒకరి రేడియో ఇంకొకరి డిటెక్టర్‌లోకి దూరుతోందా అన్నది తేలేది అక్కడే. అది పాసయ్యాక కరెంటు, రేడియో, కమాండ్ దారుల్లో ఏది మార్చినా పాసైనట్టు కాదు. వదులు కనెక్టర్ కనబడితే బిగించండి, కాకపోతే చడీచప్పుడు లేకుండా కాదు. ముందు ఫోటో, లాగ్‌లో ఒక లైను, బిగించాక ఆ లైన్ మీదున్న ప్రతి ఛానెల్ ఆన్-ఆఫ్. అక్కడి పొడిగాలిలో స్టాటిక్ విపరీతం, కింద ఉన్నదేమో తేలే మంచు, ఎర్త్‌గా పనికిరాదు. చేతికి పట్టీ, దానికి గొండోలా ఫ్రేముతో లింకు లేకుండా ముట్టుకోవద్దు.

బ్యాలెన్స్ ఆఖర్న చూడాలి, అంటే కవర్లన్నీ తీసి, బఫిల్ (పక్క వెలుతురు పడకుండా అడ్డు) పెట్టాక. హీలియం లీటరు 125 గ్రాములే, కానీ వెయ్యి లీటర్లు ఖర్చయితే 125 కిలోలు. ట్యాంకు ఎలివేషన్ ఇరుసుకి (టెలిస్కోపు పైకీ కిందికీ వంగే ఇరుసుకి) పక్కగా ఉంటే నిండుగా ఒకసారి, ఖాళీ అవుతున్నట్టు లెక్కేసి ఒకసారి చూసి, మోటారు రెంటినీ మోయగలదో లేదో తేల్చుకోండి.

తూకం వేసిన తర్వాత చేర్చిన ప్రతి బోల్టూ లాంచ్ సిబ్బందికి చెప్పాలి. వాళ్లు మొత్తం బరువుకి పదో వంతు పైన లిఫ్ట్ ఉండేట్టు వాయువు కొలుస్తారు. బెలూన్ ఫిల్మ్ మందం 20 మైక్రాన్లు. మన కొట్లలో నిషేధించిన క్యారీబ్యాగులు ఇంతకన్నా మందం! ఒకసారి వాయువు ఎక్కించడం మొదలెడితే వెనక్కి తగ్గినా ఆ బెలూన్ మళ్లీ పనికిరాదు. అందుకే మీ 'సరే' అంతకు ముందే చెప్పాలి. ఎగిరేముందు తీసేయాల్సినవాటికి కట్టిన ఎర్ర ట్యాగులన్నీ లెక్కపెట్టి ఒక సంచిలో వేసి, ఇద్దరు విడివిడిగా లెక్కించాక చెప్పండి. అవి ఉండేవి స్టార్ కెమెరా (నక్షత్రాల్ని బట్టి దిశ చూసే కెమెరా) మూత, విండో కవర్, సిలికా జెల్ సంచుల మీద. ఎలివేషన్ లాక్ పిన్ మాత్రం పైకెళ్లేదాకా అలాగే ఉండాలి.

హైదరాబాద్ బెలూన్ కేంద్రం పద్ధతులు చూసినవాళ్లకి ఒక తేడా. అక్కడ ట్రోపోపాజ్ (ఎక్కే దారిలో అతి చల్లటి గాలి పొర) మైనస్ 80 దాకా పోతుంది, ఫిల్మ్‌కి అదే గండం. సూర్యాస్తమయంతో వాయువు చల్లబడి బెలూన్ కిందికి దిగుతుంది, బ్యాలస్ట్ (బరువు కోసం మోసుకెళ్లేది) వదలాలి. ఇక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు, బ్యాలస్ట్ ఖర్చు తక్కువ.

దిగాక సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. బ్లాస్ట్ (BLAST) అనే బెలూన్ టెలిస్కోపు 2006 ఫ్లైట్‌లో పారాచూట్ విడిపోక గొండోలాని మంచు మీద దాదాపు 200 కి.మీ. ఈడ్చుకెళ్లింది. డేటా డిస్కులు దొరికాయి కాబట్టి సరిపోయింది. డిస్కుల పెట్టెకి గాఢమైన రంగు వెయ్యండి, చేతికి మందపాటి గ్లోవ్స్ ఉన్నా తిప్పగలిగే ఒకే సైజు బోల్టులు పెట్టండి. పెట్టె లీకు చూసేటప్పుడు పీడనాన్ని కెల్విన్‌లో ఉన్న ఉష్ణోగ్రతతో భాగించి చూడండి. 20 డిగ్రీల్లో 1 అట్మాస్ఫియర్ ఉన్నది మైనస్ 20లో 0.86 చూపిస్తుంది, అది లీకు కాదు.

మంచుబండ:
చాలా థాంక్స్. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఎండని ఆపే వెనక షీల్డ్‌లో (ఫోమ్ మీద మైలార్ అంటించినది) ఒక ప్యానెల్ తిరగేసి ఉంది. పీకి మళ్లీ అంటించాలా, పైన ఇంకో పొర వెయ్యొచ్చా?

వేడిలెక్క:
పీకకండి, చలిలో జిగురు ఫోమ్‌ని చించుకుంటూ వస్తుంది. పైనే ఇంకో షీటు, ప్లాస్టిక్ ముఖం బయటికి వచ్చేట్టు వేసి అంచులు టేప్ చెయ్యండి. రెండు పొరల మధ్య చిక్కిన గాలి పైకెళ్లేకొద్దీ పూరీలా ఉబ్బి టేప్ ఊడదీస్తుంది, అందుకే ప్రతి 15 సెంటీమీటర్లకీ సూదితో ఒక రంధ్రం పొడవండి. షీటు బరువెంతో బాబాయ్ చెప్పినట్టు లాంచ్ వాళ్ల లెక్కలో రాయించండి.