ఆపరేషన్ మధ్యలో ముక్క పరీక్ష: నమ్మొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. అమ్మకి 58 ఏళ్లు. ముట్లాగిన ఆరేళ్లకి మళ్లీ బ్లీడింగ్. బయాప్సీలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ అన్నారు. గురువారం తిరుపతిలో ఆపరేషన్. మధ్యలో ముక్క తీసి 'ఫ్రోజెన్ సెక్షన్' పరీక్ష చేస్తామని సంతకం పెట్టించుకున్నారు. అమ్మని మత్తులో ఉంచి అరగంట ఆగడమేంటి? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: నేను తిరుపతిలో పాథాలజీ టెక్నీషియన్ని అక్కా. గర్భసంచి ఫార్మలిన్ (పాడవకుండా వేసే మందు) వేయకుండా పచ్చిగానే మా దగ్గరికొస్తుంది. డాక్టరు కోసి చూసి, గడ్డ గర్భసంచి కండలోకి దిగినట్టున్న చోట ముక్క తీసిస్తారు. మైనస్ 20 డిగ్రీల దగ్గర క్రయోస్టాట్ అనే చల్లటి కోత మిషన్‌లో గట్టిపరిచి, 5 మైక్రాన్ల పల్చటి పొరలు కోస్తాను. కొవ్వు తగిలిందా, బ్లేడు కింద నలిగిపోతుంది, మహా విసుగు! రంగు వేసి చూసి, 20-30 నిమిషాల్లో థియేటర్‌కి ఫోన్ చేస్తాం. కండలో సగం దాటిందా అన్నదే ముఖ్యం. క్యాన్సర్ పాకే అవకాశమున్న లింఫ్ గ్రంథులు తీయాలా వద్దా అన్నది చాలావరకు దాన్నిబట్టే. ఆ అరగంటా సర్జన్లేం ఊరికే కూర్చోరు.

జవాబు 2: మా వదినకి ఫైబ్రాయిడ్ గడ్డ అనుమానంగా ఉందని ఇలాగే ఆపరేషన్ మధ్యలో ఫ్రోజెన్‌కి పంపితే, 'ఇప్పుడే చెప్పలేం' అన్నారు. పది రోజులకి మామూలుదే అని తేలింది. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ప్రశ్న అడిగినవారు: అంటే ఫైనల్ రిపోర్టు వేరేనా తమ్ముడూ?

జవాబు 1: అవునక్కా. తర్వాత ముక్కల్ని మైనపు దిమ్మల్లో పెట్టి కోసి చూసేదే ఆఖరు మాట. ఒక్కోసారి తేడా వస్తుంది. ఆ కాగితం తప్పకుండా తీసుకోండి.