కొండ మంటల పొగ: తప్పంతా పోడుదేనా?

మహేంద్రతనయ_ఒడ్డు
మాది మెళియాపుట్టి పక్క పల్లె. ఐదు రోజులుగా కొండ కాలుతోంది. రాత్రయితే ఎర్రటి గీత గీసినట్టు మంట కనిపిస్తుంది, తెల్లారేసరికి ఊరంతా పొగ. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, ఆయాసం మనిషి. మొన్న రాత్రి రెండింటికి ఆటో మాట్లాడుకుని టెక్కలి తీసుకెళ్లాం. నెబ్యులైజర్ పెట్టాక గానీ ఊపిరి ఆడలేదు. ఏటా మార్చి, ఏప్రిల్ వస్తే మాకు ఇదే టెన్షన్. పోడు సాగు కోసం కొండ మీద తుప్పలు నరికి తగలబెట్టేవాళ్ల మీద కేసులు పెట్టాలని నేనంటాను. మీరేమంటారు?

పలాస_జీడితోట
నూటికి నూరు పాళ్లు పెట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు నా తోట వేళ్లతో సహా లేచిపోయింది. అప్పు చేసి మళ్లీ నాటాను. కాపుకొచ్చిన చెట్లు, పోయినేడు కొండ మీంచి దిగిన మంటకు ఎకరంన్నర మాడిపోయాయి. దీనికి జవాబు ఎవరు చెబుతారు?

సీతంపేట_కుర్రాడు
అది పోడు మంట అని ఎవరు తేల్చారు? నేను సవర గిరిజన కుటుంబంలో పుట్టాను, పోడు ఎలా కాలుస్తారో చిన్నప్పటి నుంచి చూశాను. నరికిన తుప్పలు ఎండాక చుట్టూ ఆకు ఊడ్చి బాట తీస్తాం. గాలి తగ్గాక పైఅంచున నిప్పు పెడతాం, మంట మెల్లగా కిందికి దిగుతుంది. కింద పెడితే కొండెక్కి చేయి దాటిపోతుందని మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. చోళ్లు, సామలు, కందులు పండించుకునే చెక్క అది. అడవి కాలితే అడ్డాకు పోతుంది, కొండచీపుర్లు పోతాయి. మా సంతే పోతుంది. ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాల్చి ఆర్పకుండా వెళ్లేవాళ్లున్నారు. లేత గడ్డి కోసం కాల్చే పశువుల కాపరులున్నారు. దారిన పోతూ బీడీ విసిరేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరూ పోయి పోడు ఒక్కటే మిగిలిందా?

మహేంద్రతనయ_ఒడ్డు
కాలుస్తామని మీరే ఒప్పుకున్నారు కదా తమ్ముడూ. నేనన్నది అదే.

సీతంపేట_కుర్రాడు
నేను చెప్పింది మొత్తం చదవండి అన్నా. ఒక్క ముక్క పట్టుకుని లాగకండి.

విజయనగరం_మ్యాపులు
గొడవ దేనికి? భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల నుంచి మంటల హెచ్చరికలు ఇస్తుంది, వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఈ వారం ఆ వైపు మ్యాపులో మంట చుక్కలు చూశాను. ఎక్కువ భాగం పోడు చెక్కల దగ్గరే ఉన్నాయి.

సీతంపేట_కుర్రాడు
ఆ చుక్క ఎంత వెడల్పు సార్?

విజయనగరం_మ్యాపులు
మంటను పట్టే ఉపగ్రహ పరికరాలు రెండున్నాయి. విఐఐఆర్ఎస్ అయితే 375 మీటర్లు. మోడిస్ అయితే కిలోమీటరు.

సీతంపేట_కుర్రాడు
375 మీటర్లలో మా పోడు చెక్క ఉంటుంది, దాని పక్క జీడితోట ఉంటుంది, రెండింటి మధ్య బాట కూడా ఉంటుంది. నిప్పు ఎటు పుట్టిందో ఆ చుక్క చెబుతుందా?

విజయనగరం_మ్యాపులు
చెప్పదు. ఒప్పుకుంటాను. కానీ అక్కడ మంట ఉందని మాత్రం చెబుతుంది కదా.

పార్వతీపురం_నర్స్
మీ వాదన మీరు చేసుకోండి. ముసలివాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు ఇంట్లో ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి. రాత్రి చల్లగాలి లోయలోకి దిగి కూర్చుంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. పొగ పైకి పోలేక ఊళ్లోనే నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున అంత ఘాటు. ఎండ బాగా ఎక్కేదాకా తలుపులు వేసి ఉంచండి, ఆ తర్వాత తీయండి. తడిగుడ్డ కట్టుకుంటే చాలనుకుంటారు, అది బూడిదను ఆపుతుంది గానీ సన్న కణాలను ఆపదు. ఎన్95 మాస్కు ముక్కుకు బిగుతుగా పెట్టుకోవాలి. ఆ సన్న కణాలనే పిఎమ్ 2.5 అంటారు. వాటి రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం పెట్టుకున్న హద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. అదే గదిలో కట్టెల పొయ్యి కూడా వెలిగిస్తే ఆయాసం మనిషికి రెండు పొగలు పట్టించినట్టే. ఇన్‌హేలర్ అయిపోయేదాకా ఆగకండి.

నాగావళి_గట్టు
థాంక్స్ అమ్మా. మా పాప రాత్రంతా దగ్గుతోంది.

పలాస_జీడితోట
ఎన్ని చెప్పినా మంట కొండ మీంచే దిగింది. కింద నుంచి ఎవరూ పెట్టలేదు.

సీతంపేట_కుర్రాడు
గింజ రాలే ముందు జీడితోటలో ఆకు ఊడ్చి కుప్పలు కాల్చేది ఎవరు? మీరు కాదా? ఆ ఆకు నూనె పోసినట్టు అంటుకుంటుంది. మీరు కాలిస్తే తోట శుభ్రం చేయడం, మేము కాలిస్తే అడవి తగలబెట్టడమా?

పలాస_జీడితోట
నోరు అదుపులో పెట్టుకో. నా తోట కాలి నేనేడుస్తుంటే నన్నే దొంగను చేస్తావా?

మహేంద్రతనయ_ఒడ్డు
జీడితోట అన్నగారిని వదిలెయ్ తమ్ముడూ. నేనొకటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఐదు రోజులు కాలింది. మంట మొదట కనబడేది పైన ఉన్న మీవాళ్లకే. ఒక్కరంటే ఒక్కరైనా ఫోన్ చేశారా? మా అమ్మ ఊపిరి అందక కొట్టుకుంటుంటే పైన అందరూ చూస్తూ కూర్చున్నారు. నాకు మండుతున్నది అందుకు. పోడు గురించి కూడా కాదు.

సీతంపేట_కుర్రాడు
అన్నా, ఈ మాట మొదటే అడగాల్సింది. మూడేళ్ల క్రితం మా బాబాయి అటవీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. జీపులో వచ్చినవాళ్లు మంట సంగతి తర్వాత చూశారు, ముందు ఆయన పేరు రాసుకున్నారు. నువ్వే పెట్టి నువ్వే ఫోన్ చేశావన్నారు. పోడు చెక్కకు పట్టా చూపించమన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకు హక్కు ఉంది. మా తాత కాలం నుంచి దున్నుతున్నాం, కాగితం చేతికి రాలేదు. నాలుగుసార్లు తిరిగాడు, నాలుగు రోజుల కూలి పోయింది. అప్పటి నుంచి మా గూడెంలో మంట చూసినవాడు కొమ్మలు విరుచుకుని తనే ఆర్పడానికి పోతాడు గానీ ఫోన్ తీయడు. మీరు పోడు మంటల మీద కేసులు అన్నప్పుడు నాకు బాబాయి ముఖమే కనిపించింది.

మహేంద్రతనయ_ఒడ్డు
ఇది నాకు తెలియదు. కేసులన్న మాట కోపంలో అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఎవరూ చెప్పకపోతే మేమెలా బతకాలి? చెప్పిన మనిషి పేరు బయటకు రాకుండా ఏదైనా దారి ఉండాలి కదా.

సీతంపేట_కుర్రాడు
మీ నంబరు మెసేజ్‌లో పెట్టండి. మంట కనిపిస్తే మీకు చెబుతాను. అటవీ ఆఫీసుకు మీ పేరుతో మీరు చేయండి. మీకు పట్టా ఉంది, మిమ్మల్నెవరూ అడగరు.

మహేంద్రతనయ_ఒడ్డు
పెట్టాను. రాత్రి ఎన్ని గంటలకైనా చెయ్.

పలాస_జీడితోట
మీరిద్దరూ కలిసిపోయారు, బాగుంది. నా ఎకరంన్నర సంగతి ఎవరూ చెప్పలేదు.

పార్వతీపురం_నర్స్
అమ్మగారికి ఇప్పుడెలా ఉంది బాబూ?

మహేంద్రతనయ_ఒడ్డు
ఇంటికి తెచ్చాం అమ్మా. కిటికీలకు దుప్పట్లు కట్టాను. కొండకు ఉత్తరం వైపు ఇంకా కాలుతోంది.