వెనకంతా ‘మసక’ చేయాలా, ‘అలకాలా’?

కడియపులంక నర్సరీలో తీసిన బంతిపువ్వు ఫొటో పెడితే, ‘వెనకంతా మసక చేయాల్సింది’ అని నిన్న ఒక మిత్రుడు రాశారు. సలహా సరైనదే. మాట దగ్గరే నాకు పేచీ. మసక అంటే వెలుతురు చాలకపోవడం, చూపు ఆనకపోవడం. మసక చీకటి, మసక వెన్నెల అంటాం. ఫొటోలో మనకు కావలసింది అది కాదు. వెలుతురూ రంగూ ఉండాలి, అంచులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి. దానికి మనింట్లోనే మాట ఉంది: అలకడం.

మా అమ్మమ్మ అరుగంతా పేడతో అలికాకే ముగ్గు చిప్ప పట్టుకునేది. ఎండుటాకులూ గడ్డిపరకలూ ఉన్న నేల మీద ఎంత మంచి ముగ్గయినా ఆనదు. పువ్వు ఫొటో కూడా అంతే.

నా ఫొటోలో బంతి వెనక జానెడు దూరంలోనే నల్ల పాలిథిన్ సంచుల వరస, ఓ పక్క తెల్లటి నీళ్ళ పైపు. చూడగానే కన్ను పైపు మీదకే పోతోంది. మళ్ళీ వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరాని పువ్వు ఎత్తుకి దించాను. సంచులు ఫ్రేములోంచి తప్పుకున్నాయి, ఎక్కడో అవతలున్న క్రోటన్ల వరస పువ్వు వెనక్కి వచ్చింది. అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కంత, ఎఫ్ 4 పెట్టాను (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది, వెనకంతా ఎక్కువ అలుక్కుంటుంది). పచ్చటి రంగుతో అలికినట్టే వచ్చింది.

అమలాపురం నుంచి ఒకరి జవాబు: మాట బాగుంది మాస్టారూ. కానీ పురుగుల దగ్గర అపెర్చర్ అంతలా తెరిస్తే కుదరదండి. మా అమలాపురం కాలవగట్టు మీద తూనీగని బాగా దగ్గరగా ఎఫ్ 2.8లో తీస్తే కళ్ళొచ్చాయి, తోక అలుక్కుపోయింది. ఎఫ్ 8కి మార్చి, ఒళ్ళంతా లెన్సుకి ఒకే దూరంలో ఉండేలా పక్కకి జరిగాను. కాలవ నీళ్ళు దూరంగా ఉన్నాయి కాబట్టి వెనకంతా మెత్తగానే వచ్చింది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ (వెనకంతా ఫోనే అలికేసే పద్ధతి) అయితే సీతాకోకచిలుక మీసాల్ని కూడా బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మింగేస్తోంది. ఇంకోటండి, ఫొటోలో వెనకుండేదాన్ని ‘నేపథ్యం’ అంటే మరీ బరువుగా ఉండదూ?

దానికి నా మాట: బరువేమీ కాదండి. సంస్కృత నాటకాల్లో నేపథ్యం అంటే తెర వెనక వేషాలు కట్టుకునే చోటు. అక్కణ్ణించి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. నేపథ్య గాయని అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. పువ్వు వెనక ఉన్నదీ రంగు ఇవ్వాలి గానీ మొహం చూపించకూడదు. నా నీళ్ళ పైపు చేసింది అదే తప్పు, తెర తోసుకుని రంగస్థలం మీదకి వచ్చేసింది.

మీరు తోకకి ‘అలుక్కుపోయింది’ అన్నారు చూడండి, అది నాకు చాలా నచ్చింది. మనం కావాలని చేస్తే అలికాం, మన ప్రమేయం లేకుండా జరిగితే అలుక్కుపోయింది. ఇంగ్లీషులో రెంటికీ బ్లర్ అనే సరిపెడతారు, మన క్రియ ఆ తేడా పట్టిస్తోంది. ఫోన్ మీసాలు మింగేసినదానికి మాత్రం ఈ రెండూ పనికిరావు. దాన్ని ‘చెరిపేసింది’ అనాలి. ఆ ఎఫ్ 8 తూనీగని ఇక్కడ పెట్టండి, చూద్దాం.