కమిట్ మెసేజ్‌లు అందరం ఒకే తీరుగా రాయాలంటే?

ప్రశ్న (తిరుపతి):
తిరుపతి బస్సుల వేళలు చూపే యాప్‌కు నలుగురం కోడ్ రాస్తున్నాం. కోడ్ మార్పులను నమోదుచేసే గిట్‌లో ప్రతి కమిట్‌కూ, అంటే భద్రపరిచిన ప్రతి మార్పుకూ, ఒక మెసేజ్ రాస్తాం. మా లాగ్ (ఆ కమిట్ల జాబితా) నిండా ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’ అనే ఉంటాయి. ఏ పద్ధతి పాటించాలి, అన్నా?

జవాబు (చిత్తూరు):
మొదటి వరుస 50 అక్షరాల లోపు ఉంచడం ఆనవాయితీ. తర్వాత ఒక ఖాళీ వరుస. ఆపైన వివరం, వరుసకు 72 అక్షరాలు. ఆ ఖాళీ వరుస మరిస్తే గిట్ పేరా మొత్తాన్నీ శీర్షికగానే తీసుకుంటుంది, కమిట్‌కు ఒక్క వరుసే చూపే వన్‌లైన్ లాగ్‌లో అంతా ఒకటే పొడుగు వాక్యమై పడుతుంది. ఏం మార్చారో డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాలో) కనబడుతుంది, మీరు రాయాల్సింది ఎందుకు మార్చారో. ‘టైమ్ బగ్ ఫిక్స్’ చాలదు. ‘అర్ధరాత్రి దాటిన బస్సులను మరుసటి తేదీలో చూపు’ అనండి. కింద కారణం: తేదీ లేకుండా గంటలను మాత్రమే పోల్చడం.

ఇంకో జవాబు:
శీర్షికలో ‘మరియు’ వచ్చిందంటే రెండు కమిట్లు కలిసిపోయినట్టే. కమిట్‌లోకి మార్పులను చేర్చే గిట్ యాడ్ ఆదేశానికి మైనస్ పి ఇచ్చి ముక్కలుగా ఎంచుకోండి.

ప్రశ్నించినవారు:
పాతవి దిద్దొచ్చా?

జవాబు (చిత్తూరు):
పుష్ చేయని (అందరూ వాడే ఉమ్మడి చోటికి ఇంకా పంపని) చివరి కమిట్‌నైతే అమెండ్‌తో దిద్దండి. పుష్ అయ్యాక వద్దు. హ్యాష్ (కమిట్ గుర్తింపు కోడ్) మారిపోయి మిగతా ముగ్గురి కాపీలతో పొసగదు. ఇకపైన రాసేవాటికి కమిట్ డాట్ టెంప్లేట్ సెట్టింగ్‌లో ఒక నమూనా ఫైలు పెట్టుకోండి. మైనస్ ఎం వాడితే (మెసేజ్‌ను ఆదేశంలోనే రాసేస్తే) మాత్రం ఆ నమూనా తెరుచుకోదు.